కంటికీ ఒక హక్కుంది

యువ సహాబీ హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) పగళ్ళన్నీ ఉపవాసంతో, రాత్రులన్నీ ఆరాధనతో గడుపుతున్నారని తెలిసినప్పుడు దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) ఆయనను వారించారు. కొన్ని రోజులు ఉపవాసం పాటించి కొన్ని రోజులు విడవమని, రాత్రి కొంతసేపు నమాజు చేసి కొంతసేపు నిద్రించమని బోధించారు. దేహానికి మనపై హక్కుందని, కంటికి మనపై హక్కుందని, ఇల్లాలికీ అతిథికీ కూడా హక్కులున్నాయని గుర్తుచేశారు. సహీహ్ బుఖారీలోని ఈ హదీసును మనం ఎన్నోసార్లు విని ఉంటాం. ఆరాధన కోసమైనా సరే కంటి హక్కును విస్మరించరాదన్నప్పుడు, జీతం కోసం దాన్ని విస్మరించడం సమంజసమేనా? కొంతకాలం క్రితం ఈ ప్రశ్న మా ఇంట్లో నిజంగానే తలెత్తింది.

మా ఊరు ములకలపల్లి. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడే వరకు ఇది ఖమ్మం జిల్లాలోని అడవి అంచు మండలం. పొరుగునే ఉన్న పాల్వంచలో థర్మల్ విద్యుత్ కేంద్రం 1960ల నుంచి పనిచేస్తున్నా, వానాకాలంలో గాలి వీచి ఒక చెట్టుకొమ్మ తీగల మీద వాలితే మా ఊరు గంటలకొద్దీ చీకట్లో ఉండడం మాకు అలవాటే. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి లాప్‌టాప్‌తో ఇంటికి చేరింది. తరువాత కంపెనీ ఇంటి నుంచే పని చేసుకోవడానికి అనుమతించింది. మధ్యాహ్నం ఒంటిగంటకు మొదలయ్యే పని రాత్రి పదింటి వరకు సాగుతుంది. తన జీతంలో కొంత తమ్ముడి చదువుకు వెళుతుంది, కొంత తన పేరున పొదుపు అవుతుంది. కూతురు కళ్ళెదుటే ఉంటూ, పరదా పాటిస్తూ, హలాల్ సంపాదన సంపాదించుకోవడం మాకు అల్లాహ్ చేసిన మేలుగానే అనిపించింది.

అయితే రెండేళ్ళు గడిచేసరికి కళ్ళు మండడం, సాయంత్రానికి కణతలు పోటెత్తడం మొదలైంది. మగ్రిబ్ నమాజు అయ్యాక ముసల్లా మీదే కళ్ళు మూసుకుని కూర్చుండిపోయేది. ఒకసారి మా ఆపా వచ్చి నాలుగు రోజులుండి ఇదంతా చూసింది. “పిల్ల కళ్ళు పోగొట్టుకుని ఏం సంపాదిస్తుంది? ఆ ఉద్యోగం మాన్పించు. రేపు కళ్ళద్దాలు వచ్చాయంటే మంచి సంబంధాలు వెనక్కి పోతాయి” అంది. ఆమె మాటలో ప్రేమ ఉంది, భయమూ ఉంది. కూతురి చూపా, కూతురి ఉద్యోగమా అన్నట్టుగా మాట మారిపోయింది. ముప్పై ఏళ్ళు పాఠశాలలో భౌతికశాస్త్రం బోధించిన వాణ్ణి కనుక ఆ రెండింటిలో ఒకదాన్ని ఎంచుకునే ముందు అసలు కారణమేమిటో చూడాలనుకున్నాను.

ముందు పరీక్ష, తరువాతే దీపం

కళ్ళ బాధకు మొదటి మందు కంటి పరీక్ష. ఇంట్లో ఎన్ని దీపాలు మార్చినా, ఉన్న దృష్టిదోషం పోదు. మన ప్రాంతంలో ఈ విషయమై కొంత చైతన్యం వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వపు కంటి వెలుగు కార్యక్రమం 2018 ఆగస్టు 15న మొదలైంది. దాని రెండో విడత 2023 జనవరి 18న మన ఖమ్మంలోనే ప్రారంభమైంది. ఊరూరా శిబిరాలు పెట్టి పరీక్షలు చేసి, అవసరమైన వారికి ఉచితంగా కళ్ళద్దాలు ఇచ్చారు. నలభై దాటాక దగ్గరి అక్షరం మసకబారడం వయసు తెచ్చే మార్పే తప్ప రోగం కాదని ఆ శిబిరాల్లో ఎందరో పెద్దలు తెలుసుకున్నారు. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ కేంద్రం కూడా పాల్వంచలో ఉంది.

అమ్మాయిని పరీక్ష చేయించాం. రెండు కళ్ళకూ స్వల్పంగా సిలిండర్ పవర్ ఉందని, కళ్ళు పొడిబారుతున్నాయని డాక్టరు చెప్పారు. కంప్యూటర్ కళ్ళను పాడుచేయలేదని, అలసట వేరు, చూపు దెబ్బతినడం వేరు అని కూడా స్పష్టంగా చెప్పారు. మామూలుగా మనిషి నిమిషానికి సుమారు 15 సార్లు రెప్ప వేస్తాడు. తెరను తదేకంగా చూసేటప్పుడు అది 5, 7 సార్లకు పడిపోతుంది. రెప్ప వేసినప్పుడల్లా కంటి మీద కన్నీటి పొర పరచుకుంటుంది. రెప్ప తగ్గితే ఆ పొర ఆరిపోయి మంట పుడుతుంది.

కళ్ళద్దాలు వచ్చాయని తెలిసి మా ఆపా ఫోనులోనే నిట్టూర్చింది. సంబంధాలు చూసేటప్పుడు తీసేసి కూర్చుంటే సరిపోతుందని ఉపాయం కూడా చెప్పింది. దానికి మా అమ్మాయి, “దాచిపెట్టి నికాహ్ చేసుకుంటే, ఆ తరువాత పెట్టుకునేదెలా ఫుప్పూ?” అని అడిగింది. ఆపా కాసేపు మాట్లాడలేదు. ఆ ప్రశ్నను ఆడపిల్లలున్న ప్రతి ఇల్లూ ఆలోచించాలి. కళ్ళద్దం కంటికి ఊతకర్ర లాంటిది. దాన్ని దాచిపెట్టమనడం ఆ బిడ్డ కంటి హక్కును కాజేయడమే, అవతలి వారిని మభ్యపెట్టడం కూడా.

పుస్తకం వేరు, తెర వేరు

ఇక దీపం సంగతి. మా బాల్యం కందిలి వెలుగులో గడిచింది. అన్నదమ్ములం, అక్కచెల్లెళ్ళం కందిలి చుట్టూ చేరి, పుస్తకాన్ని వీలైనంత దగ్గరగా జరుపుకునేవాళ్ళం. దీపానికి దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుందన్న సూత్రం మాకప్పుడు తెలియదు కానీ, దాన్ని మా శరీరాలు ఎరుగుదుం. ఆ రోజుల నుంచి మన మనసుల్లో ఒక నమ్మకం పాతుకుపోయింది: వెలుగు ఎంత ఎక్కువైతే కంటికి అంత మంచిది అని. పుస్తకం విషయంలో అది చాలావరకు నిజం. పుస్తకానికి సొంత వెలుగు లేదు. దీపం నుంచి అరువు తెచ్చుకుని కంటికి చేరవేస్తుంది.

కంప్యూటర్ తెర అలా కాదు. అది తానే ఒక దీపం. దీపాన్ని చూడడానికి మరో దీపం అక్కరలేదు. కానీ ఆ తెర చుట్టూ చీకటి ఉంటే కన్ను ఒక క్షణం వెలుగుకు, మరుక్షణం చీకటికి సర్దుకుంటూ అలసిపోతుంది. చుట్టూ వెలుగు మితిమీరితే తెర వెలవెలబోతుంది, అక్షరం కోసం కన్ను చికిలించాల్సి వస్తుంది. ఎదురుగా దీపం ఉంటే అది కంట్లో గుచ్చుకుంటుంది. వెనుక దీపం ఉంటే అది తెర మీద ప్రతిబింబిస్తుంది. కాబట్టి కంప్యూటర్ పనికి కావలసింది సమతూకంగా, పక్క నుంచి పడే వెలుగు. ఇక్కడ దీపం బలం కంటే దీపం చోటు ముఖ్యం. మన ఇళ్ళలో దీపాలు వంటకు, భోజనానికి, పుస్తకానికి అమర్చినవి. తెర తరువాత వచ్చింది. అందువల్లే ఈ పొంతన లేకపోవడం.

వెలుగుకూ కంటికీ ఉన్న ఈ సంబంధాన్ని లోతుగా పరిశోధించిన తొలి శాస్త్రవేత్తల్లో మన ఇబ్నుల్ హైసమ్ అగ్రగణ్యుడు. సుమారు 965లో బస్రాలో పుట్టి, కైరోలో జీవితం ముగించిన ఈ మహనీయుడు కితాబుల్ మనాజిర్ అనే గ్రంథంలో, చూపు కంటి నుంచి బయలుదేరే కిరణం కాదని, వస్తువుల నుంచి వచ్చే వెలుగు కంటిలోకి ప్రవేశించడం వల్లే మనకు చూపు కలుగుతుందని నిరూపించాడు. తీవ్రమైన వెలుగును చూస్తే కన్ను బాధపడడాన్ని ఆయన ఇందుకు సాక్ష్యంగా చూపాడు. ఆ గ్రంథానికి వెయ్యేళ్ళు నిండిన సందర్భాన్ని 2015లో జరిగిన అంతర్జాతీయ కాంతి సంవత్సరంలో ప్రపంచమంతా స్మరించుకుంది. కన్ను బాధపడుతోందంటే ఏదో ఒక వెలుగు రాకూడని చోటు నుంచి వస్తోందన్నమాట. మేమూ ఇంట్లో అక్కడి నుంచే మొదలుపెట్టాం.

మూడు చిన్న పరీక్షలు

ఏ పరికరమూ లేకుండా ఎవరైనా చేసుకోగల పరీక్షలు మూడున్నాయి.

మొదటిది నల్లతెర పరీక్ష. పని చేసే వేళలో, రోజూ కూర్చునే చోటే కూర్చుని కంప్యూటర్ తెరను ఆపేయాలి. నల్లబడ్డ తెర అద్దంలా మారి వెనుక ఉన్నవన్నీ చూపిస్తుంది. మా అమ్మాయి తెరలో వెనుక గోడ మీది ట్యూబ్‌లైటు తెల్లటి గీతలా మెరుస్తూ కనిపించింది. పని చేస్తున్నంత సేపూ ఆ గీత వెనుక నుంచే ఆమె అక్షరాలు చదువుతోందన్నమాట.

రెండోది అరచేతి పరీక్ష. ఎండలో దూరాన్ని చూసేటప్పుడు చేసినట్టు నుదుటి మీద అరచెయ్యి అడ్డు పెట్టుకుని తెరను చూడాలి. వెంటనే కంటికి హాయి అనిపిస్తే, ఎదురుగానో పైనో ఏదో దీపం కంటిలోకి నేరుగా పొడుస్తోందని అర్థం.

మూడోది తెల్లకాగితం పరీక్ష. తెర మీద ఖాళీ తెల్ల పేజీ తెరిచి, దాని పక్కన మామూలు తెల్లకాగితం పట్టుకోవాలి. తెర దీపంలా వెలిగిపోతుంటే దాని వెలుగు తగ్గించాలి. బూడిదరంగులో కనిపిస్తే పెంచాలి. రెండూ దాదాపు ఒకేలా ఉంటే సరిపోయినట్టు. ఈ పరీక్ష రోజుకొకసారి చేస్తే చాలదు, ఎందుకంటే గదిలో వెలుగు పూటపూటకూ మారుతుంది. అది ఎప్పుడెప్పుడు మారుతుందో చెప్పే గడియారం మాత్రం మన ముస్లిం ఇళ్ళలో ఎప్పుడూ ఉంది.

నమాజు వేళలే గుర్తు

ఐదు పూటల నమాజు వేళలు సూర్యుని గమనాన్ని బట్టి నిర్ణయమైనవి. ప్రతి వేళా వెలుగు మారే ఘడియే. మా గదిని మేము ఆ వేళల ప్రకారమే సరిచూశాం.

జుహ్ర్ వేళ సూర్యుడు నెత్తిన ఉంటాడు. బయట వెలుగు లక్ష లక్సుల దాకా ఉంటుంది. నిండు పున్నమి వెన్నెల ఒక లక్సులో మూడో వంతు కూడా ఉండదంటే ఆ తేడా ఊహించుకోవచ్చు. ఇంట్లో చదువుకు, కంప్యూటర్ పనికి 300 నుంచి 500 లక్సులు చాలునని వెలుగు ప్రమాణాలు చెబుతాయి. కనుక పగటిపూట కిటికీ ఒక బలమైన దీపమే. అది ఎదురుగా ఉండకూడదు, వెనుక ఉండకూడదు, పక్కన ఉండాలి.

అస్ర్ వేళకు సూర్యుడు పడమటికి వాలుతాడు. మన ప్రాంతానికి ఖిబ్లా దిశ కూడా దాదాపు పడమరే. మా ఇంట్లో ఆ గదికి ఉన్న ఒకే కిటికీ పడమటి గోడకే ఉంది. అమ్మాయి బల్ల ఆ కిటికీ ముందే ఉండేది. వాలే ఎండ నేరుగా కళ్ళలో పడుతుంటే మధ్యలో తెర నల్లగా మసకబారేది. బల్లను ఉత్తరం వైపుకు తిప్పాం. ఇప్పుడు కిటికీ ఎడమ పక్కకు వచ్చింది. లేత రంగు నూలు తెర ఒకటి కట్టాం. అది ఎండను ఆపి వెలుగును మాత్రం లోపలికి వదులుతుంది. కుడిచేత్తో రాసేవారికి వెలుగు ఎడమ నుంచి రావడమే మేలు, చేతి నీడ కాగితం మీద పడదు. తెలుగు ఎడమ నుంచి కుడికి రాసినా, ఉర్దూ కుడి నుంచి ఎడమకు రాసినా ఈ నియమం మారదు, ఎందుకంటే నీడ చేతిది, లిపిది కాదు.

మగ్రిబ్ వేళ అత్యంత ప్రమాదకరమైనది. బయట వెలుగు నిమిషనిమిషానికీ తగ్గిపోతుంటుంది. పనిలో మునిగిన మనిషికి అది తెలియదు. గది చీకటవుతుంది, తెర మాత్రం మధ్యాహ్నపు వెలుగుతోనే మండుతుంటుంది. మా అమ్మాయికి తలనొప్పి ఎక్కువగా ఈ వేళకే వచ్చేది. అజాన్ వినగానే లేచి దీపం వేయడం, నమాజు అయ్యాక తెర వెలుగు తగ్గించి కూర్చోవడం ఇప్పుడు ఆమెకు అలవాటైంది.

ఇషా తరువాత వెలుగు రంగు మారాలి. దీని వివరం తరువాత చెబుతాను.

నమాజు కోసం లేవడంలో కంటికి మరో మేలుంది. ప్రతి 20 నిమిషాలకొకసారి 20 అడుగుల దూరాన్ని 20 సెకన్లపాటు చూడమని కంటి డాక్టర్లు సలహా ఇస్తారు. దగ్గరి వస్తువును చూసేటప్పుడు కంటిలోని కండరం బిగుసుకుంటుంది, దూరాన్ని చూసినప్పుడు సడలుతుంది. వుజూ కోసం పెరట్లోకి వెళ్ళి, ఆకాశం వైపు చూసి, వేళ చూసుకుని తిరిగి వచ్చేలోపు కంటికి ఆ విశ్రాంతి దొరుకుతుంది. నమాజు మనం చేసేది అల్లాహ్ ప్రసన్నత కోసమే. కానీ ఆయన ఆజ్ఞలో మన దేహానికి కూడా ఎంత దయ ఇమిడి ఉందో ఇలాంటి చోట్ల తెలుస్తుంది.

గదిలో చేసిన మార్పులు

ట్యూబ్‌లైటును వెనుక గోడ మీంచి తీసి, కుడిపక్క తూర్పు గోడకు బిగించాం. ట్యూబ్ పొడవు మన చూపు సాగే దిశకు సమాంతరంగా ఉంటే అది తెరలో కనిపించదు, కంట్లోనూ గుచ్చుకోదు.

తరువాత లెక్క. మా గది పది అడుగులకు పన్నెండు, అంటే సుమారు 11 చదరపు మీటర్లు. 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబ్ దాదాపు 2,000 ల్యూమెన్ల వెలుగునిస్తుంది. గదికంతటికీ పంచితే చదరపు మీటరుకు 180, అందులో గోడలు, మూలలు మింగేది పోగా బల్ల మీదికి వంద ప్రాంతం చేరుతుంది. తెర చూడడానికి అది చాలు. కాగితం చదవడానికి చాలదు. అలాగని గదినంతా 500 లక్సులకు పెంచితే తెర వెలవెలబోతుంది, కరెంటు కూడా వృథా. కాగితం ఉన్న చోటికే వెలుగు తేవడం మంచి మార్గం. 5 వాట్ల బల్బుతో, లోపలి బల్బు కనిపించకుండా రేకు టోపీ ఉన్న బల్లదీపం ఒకటి కొన్నాం. దాని మెడ వంచి, వెలుగు కాగితం మీదే పడేలా, తెర మీద పడకుండా అమర్చాం.

ఇవి కాక మన ఇళ్ళలో మాత్రమే కనిపించే కొన్ని సంగతులున్నాయి. చాలా ఇళ్ళలో బల్ల మీద అద్దం పరిచి, దాని కింద క్యాలెండరు, ఫొటోలు, ఫోను నంబర్ల చీటీలు పెడతారు. ఆ అద్దం పైనున్న దీపాన్ని కింది నుంచి కంట్లోకి తిప్పికొడుతుంది. దాని మీద మందపాటి గుడ్డ పరిస్తే చాలు. పంకా రెక్కలకు పైన బల్బు ఉంటే తిరిగే రెక్కల నీడ గదంతా మినుకుమినుకుమంటుంది. ఆ బల్బు అక్కడి నుంచి మార్చాలి. పంకా గాలి నేరుగా ముఖానికి తగిలితే ముందే పొడిబారిన కన్ను మరింత ఆరిపోతుంది. నూనె రంగు వేసి నిగనిగలాడే గోడ కంటే సున్నం వేసిన గోడ మేలు, సున్నం వెలుగును మెత్తగా విరజిమ్ముతుంది. పెంకుటిల్లయితే నల్లబడ్డ దూలాలు, పెంకులు పైకి వెళ్ళిన వెలుగును మింగేస్తాయి కనుక దీపాన్ని కిందికి దించి, దానికి టోపీ పెట్టాలి.

కరెంటు పోయినప్పుడు లాప్‌టాప్ బ్యాటరీతో చీకటి గదిలో పని చేయడం కంటికి చాలా కష్టం. ఛార్జింగ్ లైటు ఒకటి లాప్‌టాప్ వెనుక పెట్టి, దాన్ని గోడ వైపుకు తిప్పితే చాలు. గోడ మీంచి తిరిగొచ్చే మెత్తటి వెలుగు తెరకూ చీకటికీ మధ్య వారధి అవుతుంది.

తెర కంటికి చేయి చాపినంత దూరంలో, దాని పైఅంచు కంటి ఎత్తుకు సమానంగానో కాస్త కిందుగానో ఉండాలి. చూపు కిందికి వాలితే కంటిరెప్ప కొంత వాలి, కన్ను ఆరిపోవడం తగ్గుతుంది. లాప్‌టాప్‌కు ఇటుకలంత ఎత్తు పీట వేసి, విడి కీబోర్డు పెట్టుకుంటే సరిపోతుంది.

డబ్బా మీద ఏం చూడాలి

బల్బుల దుకాణానికి వెళ్ళగానే వాట్లు, ధర అడగడం మన అలవాటు. ఈనాడు అవి చాలవు. 2015 జనవరి 5న కేంద్ర ప్రభుత్వం ఉజాలా పథకం ప్రారంభించాక ఎల్ఈడీ బల్బు పేదవాడి ఇంటికి కూడా చేరింది. దాని వెనుక ఉన్న నీలి ఎల్ఈడీని కనిపెట్టినందుకు ఇసాము అకసాకి, హిరోషి అమానో, షుజి నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. మన తెల్ల బల్బులో నిజానికి వెలిగేది నీలి దీపమే. దాని మీద పూసిన పసుపు రంగు పదార్థం వల్ల మనకు తెల్లగా కనిపిస్తుంది.

డబ్బా మీద మూడు అంకెలు చూడాలి. ల్యూమెన్లు వెలుగు పరిమాణాన్ని చెబుతాయి. పక్కన కె అక్షరంతో ఉండే కెల్విన్ సంఖ్య రంగును చెబుతుంది. 2700, 3000 అంటే పాత బల్బులాంటి పసుపు వెలుగు. 4000 అంటే మధ్యస్థం. 6500 అంటే నీలి ఛాయ ఉన్న తెలుపు. మన దుకాణాల్లో అడగకుండా ఇచ్చేది చివరిదే. పగలు పనికి 4000 హాయిగా ఉంటుంది, ఇషా తరువాత 3000కు మించకపోవడం మంచిది. కంటిలో ఉండే కొన్ని ప్రత్యేక కణాలు నీలి వెలుగును పసిగట్టి, ఇంకా పగలే ఉందని మెదడుకు చెబుతాయి. అప్పుడు నిద్ర ఆలస్యమవుతుంది, ఆ నష్టం ఫజ్ర్‌కు లేవలేకపోవడంలో బయటపడుతుంది. మూడోది సీఆర్ఐ. అది 80కి తగ్గకూడదు. ఇంట్లో కుట్టుపని చేసే ఆడవారు దారం రంగు బట్టకు కలిపి చూసుకోవడానికి 90 ఉంటే ఇంకా మంచిది.

డబ్బా మీద రాయనిది మినుకు. నాసిరకం బల్బులు సెకనుకు వంద సార్లు ఆరి వెలుగుతుంటాయి. కంటికి తెలియకపోయినా కొందరికి తలనొప్పి తెస్తాయి. సెల్‌ఫోన్ కెమెరాలో బల్బును చూసినప్పుడు నల్లటి పట్టీలు గట్టిగా కదులుతుంటే ఆ బల్బును పని గదిలో పెట్టకూడదు.

నీలి వెలుగును ఆపే కళ్ళద్దాల గురించి కూడా ఒక మాట. వాటికి ఎక్కువ ధర పెట్టి కొంటున్నవారు చాలామంది. 2023లో వెలువడిన కాక్రేన్ సమీక్ష, మామూలు అద్దాలతో పోల్చినప్పుడు అవి కంప్యూటర్ వల్ల కలిగే కంటి అలసటను తగ్గిస్తాయనడానికి ఆధారం కనిపించలేదని తేల్చింది. ఆ డబ్బుతో మంచి బల్లదీపం కొనుక్కోవచ్చు.

పిల్లల సంగతి

మా ఇంటి ప్రశ్న ఉద్యోగం చేసే కూతురిది. కానీ ప్రతి ఇంట్లోనూ దీపాలార్పాక దుప్పటి కింద ఫోను చూసే పిల్లలున్నారు. చీకటిలో చదివితే కళ్ళు పోతాయని పెద్దలు అనేది అక్షరాలా నిజం కాదు. అలసట కలుగుతుంది, విశ్రాంతితో అది పోతుంది. పిల్లల విషయంలో అసలు ముప్పు మరొకటుంది. ఎదిగే వయసులో ఎప్పుడూ దగ్గరి వస్తువునే చూస్తూ, ఆరుబయటి వెలుగుకు దూరమైతే హ్రస్వదృష్టి వచ్చే అవకాశం పెరుగుతుంది. రోజుకు రెండు గంటలు బయటి వెలుగులో గడిపితే ఆ ముప్పు తగ్గుతుందని నిపుణులు చెబుతున్నారు. అడవి అంచున ఉన్న మా ఊరి పిల్లలకు ఆ వెలుగుకు కొదవ లేదు. బడి నుంచి మక్తబ్‌కు, మక్తబ్ నుంచి ఫోనుకు కాకుండా, మధ్యలో అస్ర్ నుంచి మగ్రిబ్ దాకా వారిని ఆటకు వదలడం తల్లిదండ్రులు చేయగల పని.

లెక్క చూసుకుంటే

ఎలక్ట్రీషియన్ కూలి, బల్లదీపం, రెండు బల్బులు, కిటికీ తెర గుడ్డ అన్నీ కలిపి మాకు 900 రూపాయలు దాటలేదు. అమ్మాయికి మంట పూర్తిగా పోలేదు. నెలాఖరు పని ఒత్తిడిలో ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తుంది. కానీ మగ్రిబ్ తలనొప్పి పోయింది. అందులో కళ్ళద్దాల వాటా ఎంత, దీపాల వాటా ఎంత అని విడదీసి చెప్పలేను, రెండూ ఒకే నెలలో వచ్చాయి. ఉద్యోగం మాత్రం ఆమె మానలేదు. మొన్న వచ్చిన సంబంధం వారి ముందు కళ్ళద్దాలతోనే కూర్చుంది. వారు ఇంకా ఏ సంగతీ చెప్పలేదు. చెప్పకపోయినా మాకు దిగులు లేదు.

మన బిడ్డలకు కష్టం కలిగినప్పుడు ఆ పని మానెయ్యమనడం తేలిక. ఆడబిడ్డల విషయంలో ఆ మాట మరీ తొందరగా నోటికి వస్తుంది. ఆ మాట అనే ముందు బల్ల ఎటు తిరిగి ఉందో, దీపం ఎక్కడుందో, బిడ్డ కంటిని డాక్టరు చూశారో లేదో విచారించడం మన బాధ్యత. చెవి, కన్ను, హృదయం వీటన్నింటి గురించీ ప్రశ్నించడం జరుగుతుందని దివ్య ఖుర్ఆన్ బనీ ఇస్రాయీల్ సూరాలో హెచ్చరిస్తుంది. కంటితో ఏం చూశామన్న ప్రశ్నతో పాటు, ఆ అమానత్‌ను ఎలా చూసుకున్నామన్న ప్రశ్న కూడా అందులో ఉంటుందని నా మనసు చెబుతుంది.

దీపం గురించి ప్రవక్త (సఅసం) చేసిన మరో ఉపదేశం కూడా మనకుంది. నిద్రించే ముందు దీపాలు ఆర్పమన్నారు. ఆనాడది నిప్పు ప్రమాదం నుంచి ఇంటిని కాపాడడానికి చెప్పిన మాట. ఈనాడు దానివల్ల కరెంటు వృథా తప్పుతుంది, నిద్ర నిలుస్తుంది, ఫజ్ర్ దక్కుతుంది. రాత్రిని విశ్రాంతి కోసం, పగటిని జీవనోపాధి కోసం చేసిన ప్రభువు, మన ఇళ్ళలో వెలుగును మన మేలుకే వాడుకునే వివేకాన్ని, చీకటిని దాని వేళకు దాన్ని ఉండనిచ్చే నిగ్రహాన్ని మనకు ప్రసాదించుగాక. ఆమీన్.